తారు విముక్తి

రోడ్డు లేని ఊరికి రోడ్డు వేయడం ఏ ప్రభుత్వమైనా ఎప్పుడో ఒకప్పుడు చేసే పనే. వేసిన రోడ్డును, అది బాగుందన్న నేరానికి తవ్విపోయడం మాత్రం మా చింతలగొందిలోనే మొదట జరిగింది. ఈ ఘనతను పక్క మండలంవాళ్ళు తమ ఖాతాలో వేసుకోకముందే రాసి పెడుతున్నాను.

నేను ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో తెలుగు పంతుల్ని. చింతలగొంది కొండ మీద ఊరు. చుట్టూ అడవి, కాఫీ తోటలు, పొద్దెక్కినా వదలని మంచు. ఆసుపత్రి కింద సంతపాడులో ఉంది. మొన్న మొన్నటి దాకా ఎవరికి జబ్బు చేసినా కర్రకు దుప్పటి కట్టి, డోలీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళేవారు. మా సర్పంచి వంతల రత్నాలమ్మ పెద్దకోడలు రాజులమ్మను కూడా మొదటి కాన్పుకు అలాగే మోసుకెళ్ళారు. దారిలో వాగు దగ్గరే ప్రసవమైంది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత రత్నాలమ్మ ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగిందంటే, ఆవిడ రావడం చూసి గుమాస్తాలు టీకి లేచిపోయేవారు. ఎట్టకేలకు ఈ మాఘమాసంలో తారు రోడ్డు పడింది.

రోడ్డు పడ్డ వారానికి అంబులెన్సు డ్రైవరు దారి చూసుకుందామని పైదాకా వచ్చి, రత్నాలమ్మ వాకిట్లోనే బండి తిప్పుకున్నాడు. ఆవిడ దాని నాలుగు టైర్లకూ పసుపు రాసింది. రాజులమ్మకు అప్పటికి మళ్ళీ నాలుగో నెల. ఆషాఢంలో కాన్పు.

"ఈసారి పిల్ల ఇంటికొస్తాది మాష్టారూ" అంది రత్నాలమ్మ నాతో. అంతకు మించి ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు.

సరిగ్గా అప్పుడే పర్వత విహార ప్రోత్సాహక మండలి డైరెక్టరు పరాంకుశరావు గారు విదేశాల్లో అధ్యయన యాత్ర ముగించుకుని వచ్చారు. అక్కడెక్కడో కొండల అడవిలో, రాళ్ళు పరిచిన దారి మీద ఆయన చేత సైకిలు తొక్కించారట. ఆయన పడలేదట. జీవితంలో తొలిసారి తాను ఒక పని పూర్తి చేశాననిపించిందట. ఆ ఆనందం ఒంటరిగా భరించలేక మన్యంలో "గ్రావెల్ బైకింగ్" మార్గాలు వెంటనే గుర్తించవలసిందిగా ఉత్తర్వు జారీ చేశారు.

ఆ ఉత్తర్వును తెలుగు చేయాలని నన్ను జిల్లా కేంద్రంలో సమావేశానికి పిలిచారు. డైరెక్టరు గారు గోడ మీద తెల్లటి రాళ్ళ దారుల బొమ్మలు వేసి చూపించారు. బొమ్మలన్నీ అయ్యాక రోడ్ల శాఖ డీఈ భీమేశ్వర్రావు గారు గొంతు సవరించుకున్నారు.

"సార్, గ్రావెల్ ఎన్ని లారీలు తోలించమంటారు?"

మన ఇంజనీర్ల భాషలో గ్రావెల్ అంటే ఎర్రమట్టి. పునాదుల్లో పోసేది, వాన పడితే చెప్పులు లాక్కునేది. బైకు అంటే పెట్రోలు పోసేది. ఆయన ఉత్తర్వును ఆ విధంగానే అర్థం చేసుకున్నారు. తప్పు పట్టడానికి లేదు.

గనుల శాఖ నుంచి వచ్చినాయన మరింత శ్రద్ధగా అర్థం చేసుకున్నారు. "గ్రావెల్ అనునది చిన్నతరహా ఖనిజం. దాన్ని బైకుల మీద తరలించడానికి మా నిబంధనల్లో వెసులుబాటు లేదు. ట్రాక్టరైతే పర్మిట్టు పరిశీలిస్తాం" అన్నారు.

"తరలించడం కాదండీ, తొక్కడం" అన్నారు డైరెక్టరు గారు.

"ఖనిజాన్ని తొక్కడం మీద రాయల్టీ ఎంతో పై అధికారుల్ని అడిగి చెప్పాలి."

ఆ రాయల్టీ సంగతి తేలేసరికి భోజనాల వేళయింది. భోజనాలయ్యాక నా వంతు వచ్చింది. "గ్రావెల్ అంటే కంకర. కాబట్టి రాళ్ళదారి సైకిలు సవారీ అందాం" అన్నాను. అందులో గౌరవం లేదన్నారు. చర్చ సాగీ సాగీ "కంకర విహారం" ఖాయమైంది. ఏ రాయి అయితేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అని మనసులో అనుకుని నేను సంతకం పెట్టాను.

తర్వాత మార్గం ఎంపిక. నిజం చెప్పాలంటే, మా జిల్లాలో కంకర తేలని రోడ్డు వెతకడమే కష్టం. ఎక్కడ వేలు పెట్టినా ప్రపంచస్థాయి మార్గమే. కానీ డైరెక్టరు గారికి మంచు కావాలి, కాఫీ పూలు కావాలి, లోయ కనపడాలి. అవన్నీ చింతలగొంది దారిలోనే ఉన్నాయి.

"కాకపోతే అక్కడ కొత్తగా తారు వేశాం సార్" అన్నారు డీఈ గారు బెరుగ్గా.

డైరెక్టరు గారి ముఖం వాడిపోయింది. కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, "ప్రకృతి ఒడిలో తారు ఒక గాయం. ఆ గాయాన్ని మనం మాన్పాలి" అన్నారు. ఆ పనికి తారు విముక్తి పథకం అని పేరు కూడా ఆయనే పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కాయన కొడుతున్నాడు కదాని నేనూ కొట్టాను.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవడో. ఇక్కడ రోకలి చుట్టడానికి టెండర్లు కూడా పిలిచారు.

అయితే పనిలోకి దిగాక ఒక చిక్కు వచ్చింది. మా రోడ్డు కింది సగాన్ని కొండబాబు అనే కంట్రాక్టరు వేశాడు. పై సగాన్ని సత్యానందం వేశాడు. వేసవిలో పడ్డ ఒక్క జల్లుకే కొండబాబు తారు పొరలు పొరలుగా లేచి, కింద కంకర ముత్యాల్లా తేలింది. మామూలు రోజుల్లో అయితే అతని మీద విచారణ పడేది. ఇప్పుడు డైరెక్టరు గారు స్వయంగా వచ్చి, వంగి, ఒక రాయి చేతిలోకి తీసుకుని, "సహజ గ్రావెలీకరణ అంటే ఇదీ" అని కొండబాబుకు శాలువా కప్పారు. కొండబాబు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నా పనిని ఇన్నాళ్ళకి అర్థం చేసుకున్నారు" అన్నాడు.

పై సగం మాత్రం చెక్కు చెదరలేదు. సత్యానందానికి నోటీసు వెళ్ళింది. అతను దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "తమరు నిర్మించిన భాగము నిర్ణీత వ్యవధిలో శిథిలము కాకపోవుటకు గల కారణములను తెలియజేయవలెను" అని ఉంది అందులో.

"ఏం రాయమంటారు మాష్టారూ? నిజంగానే కారణం నాకు తెలియదు. అందరిలాగే వేశానండి" అన్నాడు పాపం.

"తారు ఎంత పొయ్యమన్నారో అంత పోశావా?"

"పోశానండి."

"అదే కారణం" అన్నాను. చివరికి ఇద్దరం కలిసి, అనుభవం చాలనందువల్ల పొరపాటున తారు సరైన పాళ్ళలో పడినదనీ, ఇకముందు జాగ్రత్త వహిస్తాననీ సంజాయిషీ రాశాం. దాన్ని ఆమోదించలేదు. అతన్ని నల్లజాబితాలో పెట్టి, పై సగం తవ్వే పని కొండబాబుకే ఇచ్చారు.

తవ్వడం మొదలయ్యే ముందురోజు డైరెక్టరు గారు ఊళ్ళో అవగాహన సదస్సు పెట్టారు. రత్నాలమ్మ కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చి నిలబడింది. మా వైపు 'మీరు' అనే మాట వాడుకలో లేదు. దేవుణ్ణయినా డైరెక్టరునైనా నువ్వనే అంటారు.

"సారూ, నాకోటి సెప్పు. మా రోడ్డు నీకేటి అడ్డమొచ్చినాది?"

"అమ్మా, ఇది మీ రోడ్డు కాదు, అంతర్జాతీయ వారసత్వం. దేశదేశాల నుంచి విహారులొస్తారు."

"రానీ. తారు మీద తొక్కితే సైకిలు ఎల్లదేటి?"

"వెళ్తుంది. అదే సమస్య. శ్రమ లేకుండా వెళ్ళిపోతుంది. శ్రమలోనే అనుభూతి ఉంది."

"మాకు అనుబూతి శానా అయిపోనాది సారూ. మా కోడలికి ఆషాఢంలో కాన్పు. అంబులెన్సు ఎలాగొస్తాది?"

డైరెక్టరు గారు ఓపిగ్గా నవ్వారు. "నాలుగు చక్రాల వాహనాలు ఈ మార్గంలో నిషేధం తల్లీ. బరువుకు కంకర అణిగిపోతుంది. అణిగిన కంకర కంకర కాదు."

"మరి మావేటి సెయ్యాలి?"

"మీ పూర్వీకుల పర్యావరణహిత రవాణా ఉండనే ఉంది కదా" అన్నారాయన. డోలీని అంత అందంగా ఎవరూ అనగా నేను వినలేదు. రత్నాలమ్మకు అర్థం కాలేదు. నా వైపు చూసింది. "డోలీ" అన్నాను. ఆవిడ కొంగు విప్పుకుని వెళ్ళిపోయింది. నాకు ఆ క్షణాన ఆ మైకు తీసి డైరెక్టరు గారి నెత్తిన కొట్టాలనిపించింది.

రోడ్డును తవ్వేశారు. కొండబాబు వేసిన రోజుకంటే చురుగ్గా పనిచేశాడు. తవ్విన చోట కొత్త కంకర పోసి, సహజంగా ఉండాలని గుంతలు కూడా తీశారు. గుంతలకు పేర్లు పెట్టి బోర్డులు పాతారు. ప్రశాంతి, సవాలు, అంతర్మథనం. వీటి బాగోగులు చూడటానికి కంకర సంరక్షణాధికారి అని ఒకాయన్ని నియమించారు. ఆయన రోజూ సైకిలు మీద తిరిగి, నడుం ఎంత నొప్పి పుట్టిందో చూసుకుని, పుట్టకపోతే ఆ చోట మరో గుంత తీయించేవాడు.

రత్నాలమ్మ పెద్దకొడుకు, రాజులమ్మ మొగుడు బొంజుబాబు ఒకరోజు నడిచేవాళ్ళు పడిపోతున్నారని అంతర్మథనంలో నాలుగు తట్టల మట్టి పోశాడు. మర్నాడే 'గుంత ఆక్రమణ' కింద నోటీసు వచ్చింది. సర్కారు గుంతను పూడ్చి సొంతానికి దారి చేసుకున్నాడట. అతని చేతే మళ్ళీ తవ్వించారు. పాతదానికంటే కొంచెం లోతు ఎక్కువ తవ్వించి, తేడా జరిమానా అన్నారు.

జ్యేష్ఠంలో ప్రారంభోత్సవం. రంగురంగుల బిగుతు బట్టల్లో విహారులొచ్చారు. వాళ్ళ వెనకాలే, మా కళ్ళు చెదిరేట్టు, ఎత్తయిన చక్రాల జీపొకటి వచ్చింది. లోపల పరుపు, ఆక్సిజన్, తెల్లకోటు డాక్టరమ్మ. ఎంత రాళ్ళ దారినైనా కుదుపు లేకుండా దాటే బండి అది. వెంట డాక్టరు లేకపోతే బీమా కంపెనీ ఒప్పుకోదు కాబట్టి విహారుల కోసం ఆ ఒక్క బండికీ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చారు. కంకర అణగకుండా దాని టైర్లలో గాలి తగ్గించారని సంరక్షణాధికారి గర్వంగా చెప్పాడు.

ప్రశాంతి దగ్గర ఒక కుర్రాడు పడి మోకాలు గీరుకుపోయింది. ఈల వేశారు. అతను ఏడుపు మొదలుపెట్టే లోపలే జీపొచ్చి వాలింది. డాక్టరమ్మ దిగి, గాయం కడిగి, పరుపు మీద పడుకోబెట్టి సంతపాడు తీసుకుపోయింది. రత్నాలమ్మ తన గుమ్మంలో కూర్చుని ఇదంతా చూసింది. సాయంత్రం మా ఇంటికొచ్చింది.

"మాష్టారూ, ఆ జీపు ఎవలికొస్తాది? రూలు సూసి సెప్పు."

రూలుకు తెలుగు రాసిందే నేను. "పేరు నమోదు చేయించుకుని, తలకు రక్షణ టోపీ ధరించి, సైకిలుతో సహా మార్గం మీద ఉన్న ఏ విహారికైనా" అని చెప్పాను.

"విహారి అంటే మొగోడేనేటి?"

"కాదు. ఎవరైనా."

"నిండు నెలలున్నోలు ఎక్కరాదని ఉందేటి?"

మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివాను. అలాంటి మనిషి సైకిలెక్కుతుందని ఊహించే తెలివి రాసినవాళ్ళకు లేకపోయింది. "లేదు" అన్నాను. "పైగా స్థానికులకు నమోదు ఉచితం."

మర్నాడు రాజులమ్మ కంకర విహారి అయింది. స్థానిక భాగస్వామ్యం దొరక్క తలపట్టుకుని ఉన్న సంరక్షణాధికారి ఆమెకు ఎదురెళ్ళి మరీ టోపీ ఇచ్చాడు. పొట్ట సంగతి ఆయన చూడలేదో, చూసి లక్ష్యంలో ఒక తల పెరుగుతుందని ఊరుకున్నాడో నాకు తెలియదు.

ఆషాఢంలో ఒక పొద్దున, సన్నగా జల్లు పడుతుండగా నొప్పులు మొదలయ్యాయి. బొంజుబాబు సంతలో కొన్న పాత సైకిలును రోడ్డు మీదికి తెచ్చాడు. రత్నాలమ్మ కోడలి నెత్తిన టోపీ పెట్టి, గడ్డం కింద బొత్తాం బిగించి, రెండు చేతులూ హ్యాండిలు మీద వేయించింది. రాజులమ్మ నొప్పికి వంగిపోతోంది. నేను ఈల వేశాను. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ వేయలేదు.

జీపొచ్చింది. దాంతోపాటు సంరక్షణాధికారి కూడా సైకిలు మీద వచ్చాడు.

"ఈవిడ విహారంలో ఉన్నట్టు ఆధారం?" అన్నాడు.

"టోపీ ఉంది, సైకిలుంది, దారి మీదుంది. ఇంకేటి కావాల?" అంది రత్నాలమ్మ.

"ఎంత దూరం తొక్కారు?"

"తొమ్మిది నెల్లు" అంది రాజులమ్మ పళ్ళు బిగించి.

డాక్టరమ్మ ఆయన్ని పక్కకు నెట్టేసి ఆమెను పరుపు మీదికి ఎక్కించింది. సైకిలు లేకపోతే విహారి కింద లెక్కలోకి రాదని ఆయన గోల పెడితే సైకిలును కూడా జీపెక్కించాం. వాగు దాటింది బండి. నేను వెనకాల కూర్చుని ఆ వాగు వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. రత్నాలమ్మ మాత్రం చూసింది. సంతపాడు ఆసుపత్రిలో మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. ఆ ఏడుపు విని రత్నాలమ్మ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. నాకూ కళ్ళు నిండాయి.

ఆ వార్త కొండల్లో పాకింది. చింతలగొందిలో కంకర విహారం మీద ఆసక్తి పొంగిపొర్లింది. మలేరియా వచ్చిన ముసలాయన టోపీ పెట్టుకుని సైకిలు పక్కన పడుకునేవాడు. పాము కరిచినవాణ్ణి నలుగురు పట్టుకొచ్చి సీటు మీద కూర్చోబెట్టేవారు. ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క సైకిలే కాబట్టి జబ్బులు వంతులవారీగా రావలసి వచ్చేది. డాక్టరమ్మ ఎవరినీ కాదనలేదు. పైఊళ్ళ వాళ్ళు కూడా, మార్గం తమ ఊరిదాకా పొడిగించమని అర్జీలు పెట్టారు. సంరక్షణాధికారి నెలనెలా పంపే లెక్కలు చూసి డైరెక్టరు గారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. స్థానిక భాగస్వామ్యంలో దేశంలోనే మనది మొదటి స్థానం అన్నారు.

కార్తీకంలో ఆయన మళ్ళీ వచ్చారు. సభ పెట్టి, రాజులమ్మ బిడ్డను ఎత్తుకుని, కంకర మార్గాన్ని పుట్టకముందే పూర్తిచేసిన అతి పిన్న విహారిగా ప్రకటించి మెడలో పతకం వేశారు. ఫోటోలయ్యాయి. రత్నాలమ్మ లేచింది.

"పతకం మంచిదే సారూ. మళ్ళీ తారెప్పుడేస్తావు?"

"ఇంతమంది కంకరను ప్రేమిస్తున్న చోట తారు ఎలా వేస్తామమ్మా? ఆ ప్రతిపాదన శాశ్వతంగా ఉపసంహరించాం" అన్నారాయన. తర్వాత కొంచెం గంభీరంగా, "అయితే ఒక ఆందోళనకర విషయం మా పరిశీలనకు వచ్చింది. ఇక్కడి స్థానిక విహారుల్లో బయల్దేరిన ప్రతి ఒక్కరూ ఆసుపత్రిలో తేలుతున్నారు. మీ ఉత్సాహం గొప్పదే, ఆరోగ్యం చాలడం లేదు. అందుచేత రేపటినుంచి, ఏ జబ్బూ లేదని సంతపాడు డాక్టరు ధ్రువీకరించిన వారికే నమోదు, జీపు" అని ప్రకటించారు.

డాక్టరమ్మ తలవంచుకుంది. ఆవిడకు ముందే చెప్పారని తెలుస్తూనే ఉంది.

"జబ్బు లేదని రాస్తేనే జీపా?" అంది రత్నాలమ్మ.

"మీ భద్రత కోసమే."

"మా రెండో కోడలికి మూడో నెల. ఇప్పుడు దానికేటీ లేదు. ఇప్పుడే రాయించీసి, నెలలు నిండినాక ఎక్కిస్తాను."

"కుదరదమ్మా. పత్రం ఏ రోజుకారోజు తెచ్చుకోవాలి."

"నొప్పులొచ్చిన రోజే?"

"విహారం ఏ రోజైతే ఆ రోజు."

ఆవిడ దారి వైపు చెయ్యి చాచింది. అప్పటికే బిడ్డ ఆ పతకాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"అయితే నొప్పులొచ్చినోలు కొండ దిగి సంతపాడు నడిచెల్లాల. ఏటీ లేదని రాయించుకోవాల. మళ్ళీ నడిచి పైకి రావాల. వచ్చి టోపీ పెట్టుకుంటే అప్పుడు జీపొస్తాది. అంతేనా సారూ?"

"సరిగ్గా చెప్పారు."

"అలాగ ఎల్లి, అలాగ వచ్చినోలు బతికే ఉంటే, ఆళ్ళకి జీపెందుకు? నీ రూలు బాగానే ఉంది" అంది రత్నాలమ్మ.

డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. సభవైపు తిరిగి చప్పట్లు కొట్టించారు. తర్వాత నా దగ్గరికి వంగి, "మాష్టారూ, నిబంధన సబబుగా ఉందని గ్రామ సర్పంచి నిండు సభలో అంగీకరించారని రాయండి. మంచి తెలుగులో" అన్నారు.